నీలం గూడు

చైనాలో క్యాన్సర్ డాక్టరుకి రెండు భాషలు రావాలి. ఒకటి వరండాలో మాట్లాడేది, రెండోది మంచం పక్కన మాట్లాడేది. షెన్ వెన్‌లాన్‌కి రెండూ మంచినీళ్ళ ప్రాయం.

రిపోర్టు వచ్చిన రోజున రోగి లోపల దిండుకి ఆనుకుని కూర్చుని ఉంటాడు. కొడుకో కోడలో బయటికొచ్చి, తలుపు చప్పుడు కాకుండా దగ్గరికి వేసి, డాక్టరమ్మ తెల్లకోటు చెయ్యి పట్టుకుంటారు. ఆయనకి మాత్రం చెప్పకండి అంటారు. వెన్‌లాన్ తలూపుతుంది. ఉన్నదేమిటో, ఎన్నాళ్ళో, వరండాలో వాళ్ళకి పొల్లుపోకుండా చెబుతుంది. అక్కడ ఆమె గొంతు పొడిగా, తిన్నగా ఉంటుంది. తర్వాత లోపలికి వెళ్ళి, కడుపులో పుండు పడింది పెద్దాయనా, మందులకి మానిపోతుంది అంటుంది. అక్కడ గొంతులో పంచదార కలుస్తుంది. పెద్దాయన కూడా తలూపుతాడు. నమ్మాడో, పిల్లల కోసం నమ్మినట్టు నటించాడో ఆ పైవాడికే ఎరుక.

దీన్ని అక్కడెవరూ మోసం అనరు. పెద్దవాళ్ళ గుండె మీద బరువు పెట్టకూడదు, ఆ బరువేదో కడుపున పుట్టినవాళ్ళే మొయ్యాలి, అది ధర్మం అంటారు. ఆ మాటకొస్తే మనమేం తక్కువ తిన్నామా?

వెన్‌లాన్ ఈ రెండో భాషను మొదట మాట్లాడింది కన్నతండ్రి దగ్గరే. అప్పుడామె కొత్తగా డాక్టరైంది. ఒక పెద్ద సరస్సుకి దక్షిణాన, కాలవల మధ్య ఉండే లుషీ అనే ఊళ్ళో ఆయన మల్బరీ రైతు. అన్నం ముద్ద గొంతులో దిగడం లేదని వస్తే చూసింది. కణితి అన్నవాహికంతా అల్లుకుపోయి ఉంది. వరండాలో తల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. ఇద్దరూ కళ్ళు తుడుచుకుని నవ్వుతూ లోపలికి వెళ్ళారు. ఆయన అడిగింది ఒక్కటే. "కాలవ గట్టున కొత్త మొక్కలు పెడదామనుకుంటున్నా. నాటితే ఆకు కోసుకుంటానా?" మల్బరీ చెట్టు చేతికందాలంటే మూడేళ్ళు. "కోసుకుంటావు నాన్నా" అంది వెన్‌లాన్. ఆయన మిగిలిన ఓపికంతా ఆ గట్టు బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఖర్చుపెట్టాడు. మొక్కలు మోకాళ్ళెత్తు రాకముందే పోయాడు.

ఆ తర్వాత ఆమె పేరు మోగిపోయింది. ఆమె కత్తి పట్టిందంటే చాలు అని పక్క రాష్ట్రాల నుంచి రైళ్ళెక్కి వచ్చేవాళ్ళు. వచ్చేవాళ్ళు సరే, ఎప్పుడు వచ్చేవాళ్ళు? చేతులు కాలాక. లోపలి చేటు ఇల్లంతా పాకాక. అయినకాడికి కోసి, కుట్టి, వరండాలోకొచ్చి నిజం చెప్పి, లోపలికెళ్ళి అబద్ధం చెప్పి, ఆవిడ జుట్టు నెరిసిపోయింది.

అలాంటి రోజుల్లో ఒక మధ్యాహ్నం ప్రొఫెసర్ గువో ఫోన్ చేశాడు. గువో అదే ఆస్పత్రి వెనక ప్రయోగశాలలో పట్టుపురుగుల మీద పనిచేసే మనిషి. తాను అన్నం తిన్నాడో లేదో భార్యకి ఫోన్ చేసి కనుక్కునే రకం. పురుగు రెక్కలొచ్చి చిలుకయ్యాక, మగ చిలుక ఆడ చిలుక వాసనను గాలిలో నలుసంత ఉన్నా పసిగడుతుంది కదా, ఆ ముక్కుని తీసి పురుగుకి పెడితే ఏమవుతుందన్నది ఆయన పిచ్చి. పిచ్చి అని అందరూ అన్నారు, వెన్‌లాన్‌తో సహా. కణితి పుట్టిన ఒంట్లోంచి వచ్చే ఊపిరికి ఒక వాసన ఉంటుందనీ, మనకు తెలియని ఆ వాసన తగిలితే పురుగు కట్టే పట్టు రంగు మారేలా చేశాననీ ఆయన చెప్పి చెప్పి అలిసిపోయాడు. చివరికి బతిమాలి, ఆమె వార్డులో మంచాల పక్కన తట్టల్లో పురుగుల్ని పెట్టించాడు. ఒక తట్టను మాత్రం పోల్చి చూడ్డానికని రోగులెవరూ లేని వంటవాళ్ళ గదిలో ఉంచాడు.

ఆమె వెళ్ళేసరికి చంద్రికలన్నీ బల్ల మీద పరిచి ఉన్నాయి. చంద్రికలంటే పురుగులు గూళ్ళు కట్టుకోవడానికి ఎక్కించే వెదురు అల్లికలు. వార్డులోంచి వచ్చిన వాటి నిండా తెల్లటి గూళ్ళ మధ్య నీలం గూళ్ళు ఉన్నాయి. అది అద్దకం నీలం కాదు, తెల్లవారకముందు ఆకాశానికుండే నీలం. వెన్‌లాన్ ఒక్కొక్కటీ వంగి చూసింది. ఆ మంచాల్లో పడుకున్న ఒక్కొక్కరి పేరూ, ఎక్కడ ఏముందో ఆమెకి తెలుసు. నెల రోజులు కూడా బతకని, కళ్ళు సరిగ్గా కనిపించని పురుగు ఆ సంగతి ఊపిరిలోంచి చదువుకుని, తన పట్టుతో రాసి పెట్టింది.

"ఇవి సరే, తెలిసినవాళ్ళవే కదా. ఇది చూడు" అని గువో వంటవాళ్ళ గది చంద్రిక ముందుకు జరిపాడు. అంతా తెలుపు. ఒక మూల రెండే రెండు నీలం.

ఆ గదిలో పడుకున్నవాళ్ళందరినీ పరీక్ష చేయించారు. ఎవరి ఊపిరో పురుగు చెప్పదు, ఈ గదిలో ఎవరో ఉన్నారని మాత్రమే చెబుతుంది. బియ్యం కడిగే వూ అనే ఆవిడకి, ఒక్కనాడూ తలనొప్పి అని కూడా అనని మనిషికి, ఊపిరితిత్తిలో ఆవగింజంత చుక్క దొరికింది. వెన్‌లాన్ తన చేత్తోనే దాన్ని తీసింది. ట్రేలో దాన్ని వెతుక్కోవలసి వచ్చింది. అన్నేళ్ళలో ఆమె తీసిన వాటిలో అంత చిన్నది లేదు. ఆవిడ వారానికల్లా మళ్ళీ బియ్యం కడుగుతూ పాట పాడుకుంటుంటే, వెన్‌లాన్ వంటింటి గుమ్మంలో నిలబడి చూసింది. ఏడుపొచ్చింది. సంతోషంతో వచ్చిందో, తండ్రి గుర్తొచ్చి వచ్చిందో చెప్పలేం.

ఆ ఏడే కత్తి పక్కన పెట్టి ప్రభుత్వంలో చేరింది. బంగారంలాంటి చెయ్యి, ఫైళ్ళ మధ్య తుప్పు పట్టించుకుంటావా అని సహోద్యోగులు మొత్తుకున్నారు. పదవీ వ్యామోహం అని వెనక నుంచి అన్నవాళ్ళూ ఉన్నారు. ఆమె లెక్క వేరు. కత్తితో ఒక్కొక్కరినీ, అదీ ఆలస్యంగా. పురుగుతో ఊళ్ళకి ఊళ్ళని, అదీ ముందుగా. మీటింగుల్లో నిద్రపోయేవాళ్ళని లేపింది, నవ్వేవాళ్ళ ముందు నీలం గూడు పెట్టింది, పై అధికారుల చేత ఊఁ అనిపించింది. మెట్టు మెట్టూ ఎక్కి రాష్ట్ర ఆరోగ్య శాఖకి డైరెక్టరైంది. వసంతం రాగానే ఇంటింటికీ పడకగదిలో ఒక తట్ట, గుప్పెడు పురుగులు, ఆకు వెయ్యడం నేర్పే మనిషి. పురుగులు ఎదిగి గూళ్ళు కట్టే రోజుల్లో, అర్ధరాత్రి రాష్ట్రమంతా ఆకు నమిలే చప్పుడేనట. ఇంటి మీద సన్నటి వాన పడుతున్నట్టు ఉండేదట. నిద్ర పట్టక లేచినవాళ్ళు ఆ వానను వింటూ, రేపు ఏ రంగు వస్తుందో అని పడుకునేవాళ్ళు.

నీలం గూడు వచ్చిన ప్రతి ఇంట్లో ఎవరికో ఒకరికి ఆవగింజంత దొరికింది, తీసేశారు, బతికారు. ఇది కథ కాబట్టి ఇలా ఒక్క ముక్కలో చెప్పేస్తున్నాను గానీ, ఆ ఒక్క ముక్క వెనక ఎంతమంది తల్లులు, తాతలు ఉన్నారో ఊహించుకోండి.

అయితే ఒకచోట మాత్రం లెక్క తేడా కొట్టింది. ముసలివాళ్ళు ఎక్కువగా ఉన్న ఒక జిల్లాలో గూళ్ళన్నీ తెల్లగా వచ్చాయి. మనుషులు మాత్రం మామూలుగానే పోతున్నారు. పురుగు చెడిందేమో అని గువో జుట్టు పీక్కున్నాడు. వెన్‌లాన్ స్వయంగా వెళ్ళింది. ఒక ఇంట్లో ఎముకల గూడైపోయిన పెద్దాయన మంచం మీద ఉన్నాడు. కొడుకు ఆమెను పెరట్లోకి తీసుకెళ్ళి, రెండేళ్ళ కిందటి నీలం గూళ్ళు గుడ్డలో చుట్టి దాచినవి తీసి చూపించాడు. ఆరోగ్య శాఖ మనిషి రాకముందే ఏరేసి, బజార్లో కొన్న తెల్లవి వాటి స్థానంలో పెట్టాడట. ఆ ఊళ్ళో అందరూ చేసింది అదేనట. నాన్నకి తెలిస్తే గుండె ఆగిపోతుందని భయపడ్డానమ్మా, ఆయనకి తెలియకుండా మందు ఏదైనా ఇప్పిద్దామనుకున్నాను, ఎలాగో తెలియలేదు అని నేల చూస్తూ చెప్పాడు. అతను చెడ్డ కొడుకు కాదు, మంచి కొడుకే. అదే వెన్‌లాన్‌ని కుదిపేసింది. పురుగు నిజం చెప్పింది, మంచి కొడుకు దాన్ని ప్రేమతో పాతిపెట్టాడు. ఈ ప్రేమను ఇన్నేళ్ళూ వరండాలో నిలబడి ఎరువు వేసి పెంచింది ఎవరు? ఆమే.

తిరిగొచ్చి రూలు పెట్టింది. చంద్రికను ముందుగా చూడవలసింది ఆ గదిలో పడుకున్న మనిషే. పరీక్ష ఫలితం ముందుగా వినవలసింది రోగే. ఊరూరా గగ్గోలు పుట్టింది. ఈవిడకి అమ్మా నాన్నా లేరా అన్నారు. ఒక సభలో వెనక వరసలోంచి ఒక ముసలాయన లేచి, ఎంతో మర్యాదగా అడిగాడు. "డైరెక్టరమ్మగారూ, మీ తల్లిగారి తట్టలో నీలం వస్తే ఆమెకి చెబుతారా?"

"చెబుతాను" అంది వెన్‌లాన్ రెప్ప వెయ్యకుండా.

చెప్పడం ఎంతసేపు!

ఆ ఏడు వసంతంలో తండ్రి సమాధి శుభ్రం చెయ్యడానికి లుషీ వెళ్ళింది. రెండు రోజులుండి వచ్చేద్దామనుకుంది. ఎండలు ముందొచ్చి పురుగులు తొందరగా కళ్ళు తెరిచాయి. తల్లి, ఎనభై దాటిన షెన్ అవ్వ, ఎర్ర కాగితం తెచ్చి వీధి తలుపుకి అతికించేసింది. ఆ పట్టుదేశంలో అది పాత ఆచారం. పురుగుల నెలలో ఎర్ర కాగితం అతికించిన ఇంట్లోకి చుట్టం రాడు, పన్నుల గుమాస్తా కూడా రాడు. బయటివాళ్ళు బయట, లోపలివాళ్ళు లోపల. నేను రాష్ట్రానికి డైరెక్టర్నమ్మా అని వెన్‌లాన్ గునిసింది. ఉంటే ఉన్నావులే, ఆకు తరుగు అని తల్లి కత్తి చేతికిచ్చింది. ఇంకో ముచ్చట, పురుగులున్న ఇంట్లో చెడు మాట అనకూడదు. చావు, జబ్బు, కణితి అనే మాటలు గడప లోపల నిషిద్ధం. ఆరోగ్య శాఖ డైరెక్టరు ఫోన్ వచ్చినప్పుడల్లా పెరటి గుమ్మం దాటి, కాలవ గట్టుకి పరిగెత్తి, అక్కడ క్యాన్సర్ గురించి గట్టిగా మాట్లాడి, చేతులు కడుక్కుని లోపలికొచ్చేది. తల్లి చూసి ముసిముసిగా నవ్వుకునేది.

తల్లీకూతుళ్ళు ఒకే గదిలో, తట్టకి అటొకరు ఇటొకరు పడుకున్నారు. పురుగులు కుబుసం విడిచే నాలుగో నిద్ర నుంచి లేచి ఆకు మీద పడ్డాయి. రాష్ట్రమంతా వినిపిస్తుందని తాను ఉపన్యాసాల్లో చెప్పిన ఆ వానను వెన్‌లాన్ చిన్నతనం తర్వాత మొదటిసారి ఇంత దగ్గరగా విన్నది. అవి తింటున్నది తండ్రి నాటిన గట్టు మీది ఆకు. ఆయన చేతి ఆకు, తల్లి ఊపిరి, తన ఊపిరి అన్నీ ఆ చిన్న నోళ్ళలోకి వెళ్ళి దారమవుతున్నాయి. ఇంత వింత నా చేతి మీదుగా జరిగిందా అనుకుంది.

గూళ్ళు కట్టడం పూర్తయిన పొద్దున ఆమెకి తల్లి కంటే ముందే మెలకువ వచ్చింది. చంద్రిక కిటికీ వెలుగులోకి వంచి చూసింది. తెలుపు మధ్య నాలుగైదు నీలం గూళ్ళు.

రూలు రాసిన చెయ్యే గబగబా వాటిని పీకి లోపలి జేబులో పెట్టుకుంది. ఆలోచించిందా అంటే, లేదు. తల్లి లేచి, ఈసారి పంట బాగుందే లాన్‌లాన్, పాలలా ఉంది అంది. వెన్‌లాన్ పంచదార గొంతుతో, అవునమ్మా, ఈసారి నాతో పట్నం రా, కళ్ళు ఒకసారి చూపించుకుందువు గానీ అంది.

పట్నంలో ఆస్పత్రి ఆమెదే, తెలిసినదే. ఇప్పుడక్కడ ఆమె పాత విద్యార్థి డాక్టర్ ఫాన్ పెద్ద డాక్టరు. వెన్‌లాన్ అతన్ని వరండాలోకి తీసుకెళ్ళి, తలుపు దగ్గరికి వేసి, జేబులోంచి నీలం గూళ్ళు చూపించింది. అమ్మకి మాత్రం చెప్పకు అంది. ఫాన్ ఆమె ముఖం చూడలేదు. తన కోటు చెయ్యి పట్టుకున్న ఆమె వేళ్ళ వంక చూశాడు.

"గదిలో ఇంకెవరు పడుకున్నారు టీచర్?"

"నేనే. ఇంకెవరుంటారు?"

"అయితే మీరు కూడా చేయించుకోవాలి. గదిలో పడుకున్నవాళ్ళందరికీ పరీక్ష అన్నది మీరు పెట్టిన రూలే."

సరేలే నాయనా, ముచ్చట తీర్చుకో అని నవ్వి, చొక్కా చెయ్యి మడిచింది. నెత్తురు తీశారు, గొట్టాలు వేశారు, మిషన్లోకి పంపారు. ఇద్దరినీ ఒకే గదిలో పడుకోబెట్టారు. వెన్‌లాన్‌కి తన పరీక్షల ధ్యాసే లేదు. తల్లి గొంతులో ఉందా, కడుపులోనా, ఆపరేషన్ ఫాన్ చెయ్యాలా, తానే మళ్ళీ కత్తి పట్టాలా, ఇదే గోల. ఎవరి వీపు వాళ్ళకి కనపడదంటారు కదా.

మర్నాడు ఒక నర్సు వచ్చి తల్లిని కళ్ళ డాక్టరు పిలుస్తున్నాడని తీసుకెళ్ళింది. కాసేపయ్యాక వెన్‌లాన్ తలెత్తి చూస్తే, తలుపు అద్దంలోంచి వరండా కనిపించింది. ఫాన్ నిలబడి ఉన్నాడు. ఎదురుగా తల్లి. ఫాన్ ఏదో చెబుతున్నాడు.

వెన్‌లాన్‌కి కోపం ముంచుకొచ్చింది. చెప్పొద్దన్నాను కదా, వీడు అమ్మకే తిన్నగా చెప్పేస్తున్నాడు అని లేవబోయింది. అంతలో తల్లి చెయ్యి ముందుకు చాచింది. ముడతలు పడిన ఆ వేళ్ళు ఫాన్ తెల్లకోటు చేతిని పట్టుకున్నాయి.

వెన్‌లాన్ లేవబోయినది అలాగే కూర్చుండిపోయింది.

అద్దం అవతల మాటలు వినపడటం లేదు. వినక్కర్లేదు. ఆ నాటకం ఆమెకి కంఠతా వచ్చు, జీవితమంతా అవతలి పక్క నిలబడి ఆడినదే. వరండాలో కోటు చెయ్యి పట్టుకునేది రోగి కాదు. రోగి ఎప్పుడూ లోపలే ఉంటాడు, దిండుకి ఆనుకుని. ఆమె వెనక్కి తడుముకుని చూసుకుంది. దిండు ఉంది.

ముందు భయం వేసింది. అన్నేళ్ళుగా లోపల కూర్చున్నవాళ్ళందరికీ ఇలాగే ఉండి ఉంటుందని అప్పుడు తెలిసింది. అద్దంలోంచి వాళ్ళూ చూసే ఉంటారు. చూసి, తాను లోపలికి రాగానే తలూపేవాళ్ళు. నాన్న కూడా చూసి ఉంటాడు. అలా అనుకోగానే భయం మీద ఇంకేదో కమ్ముకుంది. జేబులోంచి ఒక నీలం గూడు తీసి అరచేతిలో పెట్టుకుంది. బరువు లేదు. మిషన్లూ, పట్టాలూ, పేరూ అన్నీ ఉన్న తనకి తన ఒంట్లో ఏముందో తెలియలేదు. ఆకు తప్ప మరొకటి ఎరగని ప్రాణి, చీకట్లో తల పైకెత్తి, పక్క మంచం మీది ఊపిరిని విని, నీకు చెబుతున్నానమ్మా అని తన ఒంటిలోని దారమంతా నీలం చేసి చుట్టుకుంది. దానికి దండం పెట్టాలనిపించింది.

తలుపు తెరుచుకుంది. తల్లి నవ్వుతూ వచ్చింది. ఆ నవ్వు వెన్‌లాన్‌కి తెలుసు. నాన్న మంచం దగ్గరికి ఇద్దరూ కలిసి తెచ్చిన నవ్వే అది.

"ఏమన్నాడమ్మా?"

"ఏముంది, నా కళ్ళు బాగానే..." అని తల్లి ఆగిపోయింది. కూతురి అరచేతిలో నీలం గూడు చూసింది. మెల్లగా మంచం అంచున కూర్చుని, తన రవిక జేబులోంచి ఇంకో నీలం గూడు తీసి, దాని పక్కన పెట్టింది.

"నువ్వు ఏరగా ఒకటి మిగిలిపోయింది. నాదే అనుకుని దాచాను. తెలిస్తే నువ్వు పనులన్నీ మానుకుని నా మంచం పట్టుకుని కూర్చుంటావని." మంచం మీద ఇంకొంచెం దగ్గరికి జరిగింది. "నాకేం లేదట లాన్‌లాన్. నీకే. అన్నవాహికలో. మీ నాన్నకి ఉన్నచోటే."

వెన్‌లాన్ రెండు గూళ్ళ మీదా గుప్పిట మూసింది.

"ఆ అబ్బాయిని బతిమాలాను, నీకు చెప్పొద్దని. వాడు వినలేదు. రూలంట, ముందు నీకే చెప్పాలని వస్తుంటే నేనే వాణ్ణి వరండాలో ఆపి, గుచ్చి గుచ్చి అడిగి తెలుసుకున్నాను. లోపలికొచ్చి అబద్ధం ఆడదామనే వచ్చాను. నోరు రాలేదు. మీ నాన్న ఆ నెలంతా గట్టు మీద బురదలో కూర్చున్నాడే, తెలిసి ఉంటే మొక్కలు నాటేవాడో, నా పక్కన కూర్చునేవాడో. ఆయన్ని అడగడానికి లేకుండా చేశాం మనం. ఇన్నేళ్ళూ ఆ ఆకు కోస్తున్నప్పుడల్లా నాకు అదే దిగులు."

వెన్‌లాన్ తల్లి భుజం మీద తల పెట్టుకుని ఏడ్చింది. నాన్న పోయాక ఎవరి ఎదుటా ఏడవని మనిషి. తల్లి ఆమె వీపు నిమిరింది. ఏడుపు తగ్గాక వెన్‌లాన్ కళ్ళు తుడుచుకుని, తలుపు వంక చూసి, వాణ్ణి లోపలికి రమ్మను అంది.

ఫాన్ వచ్చి మంచం ఎదురుగా నిలబడ్డాడు. గొంతు సవరించుకున్నాడు. అతను ఏదో మొదలుపెట్టబోతుంటే వెన్‌లాన్ చెయ్యెత్తి ఆపింది.

"కాలవ గట్టున ఇంకా కొంచెం చోటుంది. కొత్త మొక్కలు పెడదామనుకుంటున్నా. నాటితే ఆకు కోసుకుంటానా?"

తల్లి తలెత్తి కూతుర్ని చూసింది. ఫాన్‌కి ఆ ప్రశ్న వెనక కథ తెలియదు. అతనికి తెలిసిందల్లా పొద్దున చూసిన ఫిల్ము. అది గుర్తు చేసుకుంటున్నట్టు ఒక్క క్షణం పైకి చూసి, చెప్పాడు.

"ఆవగింజంత కూడా లేదు టీచర్. పై పొరలోనే ఉంది. గొట్టంతోనే తీసేయొచ్చు. కోసుకుంటారు."

వెన్‌లాన్ ఆ మాటను విన్నది కాదు, ఆ గొంతును విన్నది. పొడిగా ఉంది, తిన్నగా ఉంది, ఎక్కడా పంచదార లేదు. అది వరండా గొంతు. అందుకే నమ్మింది.